పక్క కుండీ

అమీర్‌పేట మెట్రో స్టేషన్లో ఒక రైలు దిగి ఇంకో రైలు అందుకోవడానికి ఎస్కలేటర్ ఎక్కాను. నాకు ముందు మెట్టు మీద నిలబడ్డ పెద్దాయన జేబులోంచి చిన్న సీసా తీసి చేతిరుమాలు మీద కాస్త ఒంపుకున్నాడు. నీలగిరి తైలం. వానాకాలం, జలుబుల రోజులు. స్టేషనంతా తడి గొడుగులు, తడి చెప్పులు, కింది వీధిలోంచి వచ్చే మిర్చిబజ్జీల నూనె వాసన. వాటన్నిటినీ పక్కకు నెట్టి ఆ ఘాటు సూటిగా ముక్కుకి తగిలింది. వెనకాల కోచింగ్ సెంటర్లకు పోయే పిల్లలు తోసుకుంటున్నారు. నేను పైకి చేరి, ఎక్కవలసిన రైలు ఎక్కకుండా, ప్లాట్‌ఫారం మీద ఓ పక్కగా నిలబడిపోయాను. ఆ వాసన వస్తే నాకు జలుబు గుర్తు రాదు. ఒక మనిషి గుర్తొస్తుంది, ఆ మనిషి మాట గుర్తొస్తుంది: "పక్క కుండీ ఏదమ్మా?"

ఆ మాట రాజ్యలక్ష్మి మేడంది. బేగంపేటలో నేను డిగ్రీ చదివిన కాలేజీలో ఆమె బోటనీ చెప్పేవారు. గోదావరి వైపు మనిషి. ఏళ్ళ తరబడి హైదరాబాదులో ఉన్నా ఆమె "ఏంటి" పోలేదు, "గారు" అంతకన్నా పోలేదు. "ఆటో గారూ, కాస్త పంజాగుట్ట వైపు పోనిస్తారా" అని పిలిచేవారు. విన్నవాళ్ళు నవ్వుకున్నా పట్టించుకునేవారు కాదు. పొట్టి మనిషి. ఎండైనా వానైనా చేతిలో గొడుగు, మెడలో నల్లపూసలతో పాటు నల్లదారానికి కట్టిన చిన్న భూతద్దం. దారిలో ఏ గోడ పగులులోనో మొలిచిన మొక్క కనిపిస్తే చాలు, ఎదుటి మనిషిని మాట మధ్యలో వదిలేసి వంగి చూసేవారు. ఇలాంటివాళ్ళని చూసి "పాపం, చాదస్తం" అనుకోవడం మన అలవాటు. మొదట్లో మేమూ అలాగే అనుకున్నాం.

నిజం చెప్పాలంటే మా క్లాసులో సగం మందిమి బోటనీ మీద ప్రేమతో చేరినవాళ్ళం కాదు, ఇంకెక్కడా సీటు రాక చేరినవాళ్ళం. అది ఆమెకూ తెలుసు. ఒకరోజు ప్రయోగం ఎలా చెయ్యాలో చెబుతూ, "కంట్రోల్ అంటే ఏంటి?" అని అడిగారు. బోరబండ నుంచి వచ్చే అమ్మాయి ధైర్యంగా లేచి, "బియ్యం ఇస్తరు గద మేడం, కంట్రోల్ దుకాణం" అంది. క్లాసంతా గొల్లుమంది. ఆ పిల్ల తప్పేముంది? మా ఇళ్ళల్లో కంట్రోల్ అంటే రేషన్ బియ్యమే, రేషన్ చక్కెరే. ఇంకో అర్థం ఉందని మాకెవరు చెప్పారు గనక. మేడం మాత్రం నవ్వలేదు. "ఆ అమ్మాయి చెప్పింది జనం మాట. నాదే అరువు మాట," అని, కిటికీ దగ్గరున్న రెండు మట్టి కుండీలు బల్ల మీదికి తెచ్చారు. "ఇందులో ఎరువు వేశాను, మొక్క బాగా వచ్చింది. ఎరువు వల్లే వచ్చిందని ఎలా అంటాను? ఎరువు వెయ్యని కుండీ ఒకటి పక్కనుండాలి. అదే మట్టి, అవే నీళ్ళు, అదే ఎండ. దానికి మాత్రం నేనేమీ చెయ్యలేదు. ఆ పక్క కుండీ లేకపోతే నేను చెప్పేవన్నీ కబుర్లే." ఆ రోజుతో మా క్లాసులో కంట్రోల్ అనే మాట చచ్చిపోయింది. మేమంతా పక్క కుండీ అనే అనేవాళ్ళం.

తర్వాత ఆ మాట మాకు ఆటైపోయింది. ఎవరైనా కొత్త నూనె రాసి జుట్టు పెరిగిందంటే "పక్క కుండీ ఏదే?" అని ఆటపట్టించేవాళ్ళం. మేడం కూడా ఊరుకునేవారు కాదు. తలనొప్పికి మాత్ర వేసుకుంటే తగ్గిందని స్టాఫ్ రూంలో ఎవరో అంటే, "వేసుకోకపోతే తగ్గేది కాదేంటి?" అనేవారట. ఆమె పక్కన కూర్చుని మాట్లాడటం కొందరికి ఇబ్బందిగా ఉండేదని తర్వాత తెలిసింది. ఆమె అడిగే తీరులో ఎగతాళి ఉండేది కాదు. తన మాటని కూడా అదే కొలతతో కొలుచుకునేవారు, అందుకని నాకు ఆమె మీద గౌరవం పెరిగింది. అయినా అది నాకు క్లాసు గోడల మధ్య మాటగానే ఉండేది. మేము బాపు అని పిలిచే మా నాన్న చేతుల దాకా వచ్చేసరికి దాని విలువ తెలిసింది.

మాది సిరిసిల్ల. మా తాత దాకా మగ్గం మీద బతికిన ఇల్లు. మగ్గం అన్నం పెట్టడం మానేశాక బాపు నగరానికి వచ్చి కుట్టుపని నేర్చుకుని, అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు పోయే దారిలో ఒక సందులో చిన్న జాకెట్ల షాపు పెట్టుకున్నాడు. మిషన్ మీద కుట్టడం ఎవరైనా చేస్తారు. చేత్తో హుక్కులు, కాజాలు, అంచులు కుట్టడంలో బాపుకి పేరుంది. నేను డిగ్రీ రెండో ఏడులో ఉండగా తొలకరి పడగానే ఆయన వేళ్ళ సందుల్లో దురద మొదలైంది. చేతులు ఎర్రబడ్డాయి, పగిలాయి, కళ్ళ కింద వాచింది. పూత మందు రాస్తే తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. చివరికి సూది పట్టుకుంటే నెత్తురు చిమ్మే దాకా వచ్చింది. డాక్టరు చూసి, బట్టల రంగులు పడటం లేదేమో, ఈ పని మానేస్తే మంచిదన్నాడు. బాపు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద కలపలేక చెంచా అడిగాడు. "మగ్గం పాయె, మిషన్ సుత పాయె. నాకు సూది తప్ప ఇంకేం తెల్వది బిడ్డా," అన్నాడు. మా అమ్మ అటు తిరిగి నిలబడింది. నాకు భయం వేసింది. షాపు మూతపడితే నా చదువూ అక్కడితో ఆగుతుందని ఎవరూ అనలేదు గాని అందరికీ తెలుసు.

కాలేజీకి పోక నాలుగైదు రోజులైంది. మళ్ళీ వెళ్ళిన రోజు మేడం ల్యాబులో ఆపి ఎందుకు రాలేదని అడిగారు. చెప్పాను, ఏడుస్తూనే చెప్పాను. అయ్యో పాపం అంటారనుకున్నాను. ఆమె అనలేదు. "మీ సందులో ఇంకెవరైనా కుడతారా, మమతా?" అన్నారు.

"ఉన్నరు మేడం, ఎదురుంగనే ఇద్దరు."

"వాళ్ళు కుట్టేవీ అవే బట్టలా?"

"అవే. అస్తర్ కూడా అందరం ఒక్క దుకాణంలనే తెస్తం." అస్తర్ అంటే జాకెట్ లోపల వేసే గుడ్డ, దాని రంగే చేతికి అంటుతుందని డాక్టరు అనుమానం.

"వాళ్ళ చేతులు ఎలా ఉన్నాయి?"

"బాగనే ఉన్నయి."

"ఒంటి తీరు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది, అది నిజమే. కానీ వాళ్ళ షాపులు నీకు పక్క కుండీలు కదమ్మా. మీ షాపులో ఉండి వాళ్ళ దగ్గర లేనిదేంటో ముందు చూద్దాం పద." అలా అని గొడుగు తీసుకుని బయల్దేరారు. ఒక విద్యార్థి ఇంటి కష్టం వింటే సలహా చెప్పే పెద్దవాళ్ళని చాలామందిని చూశాను. చెప్పులేసుకుని వెంట వచ్చిన మనిషిని ఆమెనొక్కరినే చూశాను.

షాపులోకి వచ్చి ఆమె కుర్చీలో కూర్చోలేదు. మిషన్ నూనె వాసన చూశారు, మార్కింగ్ సుద్ద చూశారు, వెనక కిటికీ తీసి బయటికి చూశారు. తర్వాత గుమ్మం పక్కన పాత పెయింట్ డబ్బాలో ఏపుగా పెరిగిన మొక్క దగ్గర ఆగారు. చీలికలు చీలికలుగా ఆకు, చిట్టి తెల్లపూలు. "ఇదేంటండీ?" అని అడిగారు. బాపు ముఖం వెలిగింది. "మాచిపత్రి మేడం. వినాయకునిది. ఎనక ఖాళీ ప్లాటుల మస్తు మొలుస్తది. పండుగకు మా గల్లీ అంత ఆడికెల్లే తెంపుకుంటరు. నేనొక మొలక తెచ్చి పెట్టుకున్న. దినాం పొద్దుగాల ఒక రెమ్మ దేవుని ఫొటోకు పెట్టి గప్పుడు మిషన్ మీద కూసుంట." మేడం భూతద్దం తీసి చూసి, "రేపు మళ్ళీ వస్తానండీ. అందాకా దీన్ని ముట్టుకోకండి," అని వెళ్ళిపోయారు. ఏమీ తేల్చలేదని నాకు కాస్త కోపం వచ్చింది కూడా.

మర్నాడు ఆమె ఏదో నర్సరీ నుంచి కాగితంలో చుట్టిన రెమ్మ ఒకటి తెచ్చారు. చేతికి రబ్బరు తొడుగు వేసుకుని దాన్ని నలిపి బాపు ముక్కు దగ్గర పెట్టారు. సాంబ్రాణి, కర్పూరం కలిసినట్టు వాసన గుప్పుమంది. తర్వాత డబ్బాలోని ఆకు నలిపి దూరంగా చూపించారు. ఉత్త పచ్చిగడ్డి వాసన. బాపు ఇటూ అటూ చూశాడు. "ముందుది మాచిపత్రండీ," అన్నారు మేడం. "మీరు పెంచుతున్నది వయ్యారిభామ అనే కలుపు. రెండూ ఒకే కుటుంబం, ఆకు చూస్తే ఎవరైనా పొరబడతారు. దీని పుప్పొడి, ఆకు మీద నూగు కొందరి ఒంటికి అస్సలు పడవు. ఏళ్ళ తరబడి ముట్టుకున్నాక ఉన్నట్టుండి పడకపోవడమూ ఉంటుంది. మీ ఒంటికి మాచిపత్రి కూడా పడకపోవచ్చు, అందుకే మీ చేతికివ్వలేదు."

బాపు దేవుని ఫొటోకేసి చూశాడు. "గిన్నేండ్ల సంది దేవునికి గిదే పెడుతున్న మేడం," అన్నాడు, తప్పు చేసినవాడిలాగ.

"దేవుడేమీ అనుకోడు లెండి. మీ చేతులే అనుకున్నాయి. గరిక పెట్టండి, ఆయనకి అదే ఎక్కువ ఇష్టం."

బాపు నవ్వాడు. ఆ వానాకాలంలో మా బాపు నవ్వడం అదే మొదలు. ముందురోజే ఎందుకు చెప్పలేదని తర్వాత నేనడిగితే, "దేవుడికి పెట్టే ఆకుని నా మాటతో లాగేస్తే ఆయన మనసుకి కష్టం. ముక్కుతో తెలుసుకుంటే వేరు," అన్నారు. ఇంత చదువున్న మనిషి తన మాటని పక్కన పెట్టి మా బాపు ముక్కుని నమ్మారు. ఆమె గురించి చెప్పమంటే ముందు ఇదే చెబుతాను.

డబ్బా పోయింది, కాని కిటికీ వెనక ప్లాటు అలాగే ఉంది. కోర్టు కేసులో చిక్కుకున్న స్థలం. సొంతదారులు పట్టించుకునేవారు కాదు, వయ్యారిభామ మాత్రం నడుమెత్తు నిలబడి ఊగుతుండేది. ఇంత మాయదారి కలుపుకి అంత అందమైన పేరు ఎవరు పెట్టారో గాని చూసే పెట్టారు. అప్పుడప్పుడు మనుషులు వచ్చి కొడవళ్ళతో కోసి పోయేవారు. వాన పడితే మళ్ళీ అంతే. కిటికీ మూస్తే బాపుకి ఉక్క, తెరిస్తే దురద. ఆ ప్లాటుకి ఒకవైపు పాత ఆఫీసు ఒకటుండేది, దాని గోడ పొడుగునా జామాయిల్ చెట్ల వరస. నీలగిరి చెట్లనే మా వైపు జామాయిల్ అంటాం. మేడం కిటికీలోంచి ఆ వరసకేసి వేలు చూపించి, "ఆ చెట్ల కింద చూడు, ఏముంది?" అన్నారు. ఏమీ లేదు. ఎండిన ఆకులు, నేల. ప్లాటంతా కమ్ముకున్న వయ్యారిభామ ఆ చెట్ల దగ్గరికి వచ్చేసరికి ఎవరో గీత గీసినట్టు ఆగిపోయింది. నేను రోజూ చూసే కిటికీ అది. ఎన్నడూ చూడలేదు.

ప్లాటుకి మరోవైపు యాదగిరన్న నడిపే లేడీస్ హాస్టల్ ఉంది. ఆయనదీ ఇదే బాధ. హాస్టల్ పిల్లలకు తుమ్ములూ దగ్గులూ. మేడం అడిగితే మా ప్రయోగానికి డాబా మీద చోటిచ్చాడు. "నీడకు మొలుస్తలేదు మేడం, గంతే. దానికి ఇంత చదువెందుకు?" అన్నాడు. "కావచ్చండీ," అన్నారు ఆమె. "నీడ కావచ్చు, వేళ్ళు నీళ్ళన్నీ లాగేయడం కావచ్చు, రాలిన ఆకులో ఏదైనా ఉండొచ్చు. అడిగి చూద్దాం." చెట్టునీ మొక్కనీ అడగాలంటే పక్క కుండీలు పెట్టాలి. ఒక వరస కుండీల్లో మామూలు నీళ్ళు. ఇంకో వరసకి జామాయిల్ ఆకు నానబెట్టి వడకట్టిన నీళ్ళు. మూడో వరసకి మామూలు నీళ్ళే గాని చెట్టు కిందున్నంత నీడ. ఆ నీడ దగ్గరే చిక్కుకున్నాం. అప్పుడు బాపు, "నల్ల అస్తర్ కప్పితే అయితది గద," అన్నాడు. చేతులకు పల్చటి తొడుగులు వేసుకుని, మిషన్ మీద నల్ల అస్తర్‌తో కుండీలకు గొడుగుల్లాంటి కప్పులు కుట్టాడు, అంచులు మడిచి మరీ. వాటిని చూసి మేడం, "మా కాలేజీ ల్యాబులో ఇంత నీటైన సామాను లేదండీ," అంటే ఆయన సంబరం చూడాలి. డాక్టరు మానమన్న పనిలో మళ్ళీ కూర్చున్నది ఆ కప్పుల కోసమే.

అన్నిట్లోనూ వయ్యారిభామ గింజలు చల్లాం. ఒక్క గింజ ఎగిరి బయట పడకుండా ఆమె తీసుకున్న జాగ్రత్త చూస్తే నవ్వొచ్చేది. ఊరంతా ఉన్న కలుపుకి ఇంత కాపలానా అని. కొన్నాళ్ళకి మామూలు నీళ్ళ కుండీలు గుబురుగా నిండాయి. నీడ కుండీల్లో మొలకలు పొడుగ్గా, పాలిపోయి వచ్చాయి, కాని వచ్చాయి. జామాయిల్ నీళ్ళు పోసినవాటిలో ఎక్కడో ఒకటీ అరా తలెత్తింది. దాన్ని పీకి భూతద్దం కింద పెట్టి నన్ను చూడమన్నారు. వేరు కొస మాడిపోయినట్టు గోధుమరంగులో ఉంది. "చెట్టు పారిపోలేదు, పోట్లాడలేదు," అన్నారామె. "ఆకు రాల్చి ఊరుకుంటుంది. వాన పడితే ఆ ఆకులోని ఘాటు నేలలోకి దిగుతుంది. గింజకి అక్కడ కళ్ళు తెరవబుద్ధి కాదు. తమాషా ఏంటంటే, వయ్యారిభామ కూడా పక్క మొక్కల్ని ఇలాగే అణగదొక్కి పెరుగుతుంది. దాని విద్య దానికే ఎదురైంది." ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళల్లో చిన్నపిల్ల ఆనందం. అన్నేళ్ళు పాఠం చెప్పినా, కళ్ళెదుట జరిగినప్పుడు ఆమెకది ప్రతిసారీ కొత్తే.

మా గల్లీలో కబురు పొక్కిపోయింది. యాదగిరన్న అయితే ఆగలేదు. "ప్లాటంత జామాయిలే పెడుదాం. నర్సరోనికి చెప్పిన. ఇగ ఫికర్ లేదు," అని, హాస్టల్ మెస్సులో అందరినీ పిలిచి, మేడం వచ్చి నాలుగు మాటలు చెప్పాలన్నాడు. నాకు గర్వంతో కాళ్ళు నేల మీద ఆగలేదు. బాపు చేతుల సంగతి ఇక తేలిపోయినట్టే అనుకున్నాను. మేడం మాత్రం కొంత గడువడిగి, డాబా మీద ఇంకో వరస కుండీలు పెట్టించారు. ఈసారి వయ్యారిభామ గింజలు కావు. మెంతులు, ధనియాలు, గోంగూర విత్తనాలు. ప్లాటు చివర మోరీ కాలువ పక్కన మా గల్లీ ఆడవాళ్ళు వేసుకునే ఆకుకూరలు అవి. హాస్టల్ మెస్సుకీ, మా ఇంటికీ ఆ కూరే. జామాయిల్ నీళ్ళకి మెంతులు సగం కూడా మొలవలేదు. గోంగూర మొలిచి ముడుచుకుపోయింది.

ఆ కుండీలు పట్టుకునే ఆమె మెస్సులోకి వచ్చారు. బల్ల మీద వరసగా పెట్టి, "ప్లాటంతా జామాయిల్ వద్దండీ," అన్నారు. యాదగిరన్న ముఖం మాడిపోయింది. "మీరే గద మేడం చెప్పింది, జామాయిల్ ఉంటే కలుపు రాదని."

"సగం చెప్పాను. మిగతా సగం ఇదిగో, ఇవ్వాళ తెచ్చాను. ఆ ఘాటుకి ఏది కలుపో ఏది కూరో తెలీదు. పైగా నాటిన మొక్క రేపే ఆకు రాల్చదు, చెట్టయ్యే దాకా మీరు ఆగాలి. అయ్యాక అది వద్దన్నా పోదు."

జనంలో గొణుగుడు మొదలైంది. నాకు ఆమె మీద కోపం వచ్చింది, దాచడమెందుకు. బయటికి రాగానే, "మా బాపు చేతులు మేడం," అన్నాను. ఆమె గొడుగు తెరుస్తూ, "నాకు తెలుసమ్మా. మీ నాన్నగారి చేతుల కోసం అబద్ధం చెప్పలేను, నా చేతులు మాత్రం వెయ్యగలను. ఆదివారం వస్తాను," అన్నారు.

వచ్చారు. మిగిలిన వానాకాలమంతా ప్రతి ఆదివారం వచ్చారు. నిండు చేతుల చొక్కా చీర మీద వేసుకుని, తొడుగులు తొడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని ప్లాటులో దిగేవారు. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడే వేళ్ళతో సహా పీకాలి. కోస్తే మళ్ళీ చిగురిస్తుందని నేర్పించారు. చెట్ల కింద పేరుకున్న జామాయిల్ ఆకుని గంపలతో మోయించి, మా కిటికీ కిందా, హాస్టల్ గోడ పక్కనా, ఏ కూరా వెయ్యని చోట మందంగా పరిపించారు. కూరమళ్ళ వైపు ఆకు పడకుండా నడుమ కాలువ తీయించారు. మొదట ఆమే, నేనే. తర్వాత హాస్టల్ పిల్లలు చేరారు. చివరికి యాదగిరన్న కూడా మొహం ముడుచుకునే వచ్చి గంప ఎత్తాడు. "మీరు జర కూసోండి మేడం, నేను మోస్త," అని ఆమె చేతిలోది లాక్కున్నాడు. పండుగ వచ్చేసరికి మా గల్లీలో ఎవరూ ఆ ప్లాటుకి పత్రి కోసం పోలేదు. పోవడానికి అక్కడ ఆ ఆకు పెద్దగా లేదు కూడా.

చలికాలం ముదిరేసరికి బాపు చేతులు మామూలయ్యాయి. మొదట కుట్టిన జాకెట్టు మేడందే. కాజాలు చేత్తోనే కుట్టి, ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చి, "మీ వల్లనే మేడం," అని దండం పెట్టాడు. ఆమె కంగారుపడ్డారు. "నా వల్లేనని ఎలా అంటారండీ? డబ్బా తీసేశారు, డాక్టరు మందు పూసుకున్నారు, ఆకు పరిచాం, వానలూ పోయాయి. ఇందులో ఏది పనిచేసిందో నాకెలా తెలుస్తుంది? పక్క కుండీ ఏదీ?" బాపు ఆ మాట అప్పటికే చాలాసార్లు విని ఉన్నాడు. తాపీగా, "గవన్ని మీకు మేడం. నాకు సూది దొరికింది, చాలు," అన్నాడు. ఆమె భూతద్దం తీసి ఆ కాజాలకేసి వంగారు.

డిగ్రీ అయ్యాక నేను బోటనీలో ఉండలేదు. మా సందులోంచి నాలుగడుగులేస్తే ఎటు చూసినా కోర్సుల బోర్డులే. ఇంటి పరిస్థితి చూసుకుని అందరిలాగే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరాను. మేడంకి చెప్పడానికి మొహం చెల్లక చాలా రోజులు తప్పించుకుని, చివరికి పంజాగుట్టలో వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. ఆమె కాఫీ కలుపుతూ, "టెస్టింగ్ అంటే ఏం చేస్తారక్కడ?" అన్నారు.

"ప్రోగ్రాంల ఏదన్న మారిస్తే సరిగ పనిచేస్తదా లేదా చూస్తం మేడం."

"మార్చకముందుది పక్కన పెట్టుకుని చూస్తారా?"

"పెట్టుకుంటం."

"మరింకేం. వెళ్ళమ్మా," అన్నారు, కాఫీ నా చేతిలో పెడుతూ. ఆ మాటతో నా గుండెల మీది బరువు దిగింది. ఆమె దగ్గర నేర్చుకున్నది వదిలేసి పోతున్నానని కదా నా దిగులు. వదలడం లేదని ఆమె తేల్చేశారు. ఇవాళ ఆఫీసులో ఎవరైనా ఫలానా మార్పు వల్ల అంతా బాగుపడిందని ఊదరగొడితే, "పక్క కుండీ ఏది?" అంటాను. కొత్తవాళ్ళు తెల్లమొహం వేస్తారు, పాతవాళ్ళు నవ్వుతారు. నన్ను వెనకాల కుండీ మేడం అంటారట. అంటే అననీ.

ఆ ప్లాటు కేసు తేలి అక్కడిప్పుడు పెద్ద బిల్డింగు లేచింది. జామాయిల్ వరస కొట్టేశారు. కొట్టేసిన రోజు సందంతా ఆ వాసనేనని బాపు చెప్పాడు. మేడం కిందటేడు పోయారు. కడచూపుకి వెళ్ళినప్పుడు బాపు ఆమె పాదాల దగ్గర నిలబడి, తన రెండు అరచేతులూ ముందుకు చాపి, వాటికేసే చూసుకుంటూ ఉండిపోయాడు. ఆయన ఏం చెప్పుకుంటున్నాడో అక్కడున్నవాళ్ళలో నాకొక్కదానికే తెలుసు.

ప్లాట్‌ఫారం మీద ఇంకో రైలు వచ్చి పోయింది. నీలగిరి తైలం పెద్దాయన ఎప్పుడో వెళ్ళిపోయాడు గాని వాసన కాస్త మిగిలింది. నా బతుక్కి పక్క కుండీ లేదు. అదే సందు, అదే షాపు, అదే వాన ఉండి, రాజ్యలక్ష్మి మేడం మాత్రం ఎదురుపడని ఇంకో మమత ఎక్కడా లేదు, పక్కన నిలబెట్టి చూసుకోవడానికి. కాబట్టి నేనిలా ఉండటం ఆమె వల్లేనని అంటే ఆమె ఒప్పుకోరు, రుజువేదమ్మా అంటారు. నేను రోజంతా ఆఫీసులో రుజువు అడిగే మనిషినే. ఈ ఒక్క సంగతిలో మాత్రం నేను మా బాపు బిడ్డని. నాకు రుజువు అక్కర్లేదు మేడం.